నాయనమ్మ పసుపు పూసిన చేప

పోయిన నెల ఖమ్మంలో తమ్ముడి ఇంటికి వెళ్లేసరికి మా మేనకోడలు స్వప్న హాల్లో స్టూలెక్కి నిలబడి ఉంది. మోచేతులు దాటే రబ్బరు గ్లౌజులు తొడుక్కుని, చేపల తొట్టిలో చేతులు ముంచి రాళ్లు కడుగుతోంది. "ఏందే, చేపకు కాన్పు చేస్తున్నవా?" అన్నాను. "నవ్వకు అత్తా. చేపల రోగాలు మనకు అంటుకుంటయట. వేలికి చిన్న గీత ఉన్నా, ఆ నీళ్లల్ల చెయ్యి పెడితే గడ్డలు లేస్తయట. నేను ఫోన్ల చదివిన. నీకు తెల్వదు" అంది. నాకు తెల్వదట! సోఫాలో కూలబడి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాను. తమ్ముడు వంటింట్లోంచి వచ్చి, అక్కకేమైందోనని మంచినీళ్లు అందించాడు. పాపం వాడికీ తెలియదు, నాకు గుర్తొచ్చిన ఆ సంగతి జరిగేనాటికి వాడు ఉయ్యాలలో ఉన్నాడు. ఆ సాయంత్రం వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. వాళ్లకు చెప్పేటప్పుడు నన్ను కాస్త మంచిదాన్నిగా చూపించుకున్నాను. ఇక్కడ ఆ పని చెయ్యను.

కొత్తగూడెంలో మాది రెండు గదుల క్వార్టరు. ఒకే గోడకు ఆనుకుని పది ఇళ్లు, ఎదురుగా మరో పది, మధ్యలో ఒక బోరింగు. ఆ మొత్తాన్ని కలిపి లైను అనేవాళ్లం. తెల్లారేసరికి ఇరవై బొగ్గు పొయ్యిలు ఒకేసారి రాజేవి. ఆ పొగ వాసన లేకపోతే నాకు ఇప్పటికీ పొద్దు పొడిచినట్టు అనిపించదు. షిఫ్టు సైరన్ మోగితే నాన్న టిఫిన్ డబ్బా పట్టుకుని బొగ్గుబావికి వెళ్లేవాడు. అంతకుముందు ముప్పై ఏళ్లు అదే సైరన్‌కు తాత వెళ్లాడు. రిటైరయ్యాక కూడా ఆయన కాళ్లు ఆ చప్పుడుకు చెప్పుల కోసం వెతుక్కునేవి. పొద్దున వేపపుల్ల, తర్వాత చాయ్, మధ్యాహ్నం అన్నం తిని గ్రంథాలయంలో పేపరు, సాయంత్రం స్టేషన్ దాకా నడక. మా స్టేషన్ పేరు భద్రాచలం రోడ్, గుడి మాత్రం నలభై కిలోమీటర్ల అవతల. రైలు దిగగానే గోపురం కనపడుతుందనుకున్న యాత్రికులు "గుడి ఎటు?" అని అడిగితే, "ఇటే, సక్కగ నడువుండ్రి, గోదారి అడ్డం వస్తది" అని తాత నిమ్మళంగా చెప్పేవాడు. వాళ్లు నాలుగడుగులు వేశాక వెనక్కి పిలిచి బస్సెక్కించేవాడు. నాలోని చిలిపితనం ఎక్కడినించి వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ తాత ఒకసారి విజయవాడ వెళ్లి, ఒక గాజుపెట్టెను దుప్పటిలో చుట్టి, ఇంకో చేత్తో నీళ్ల క్యాను పట్టుకుని రైలు దిగాడు. క్యానులో తొమ్మిది చేపలు. నాలుగు బంగారు రంగువి, మిగతావి తోకలు విసనకర్రల్లా ఉండే చిన్నచిన్నవి. లైనంతా మా ఇంటి ముందు పోగైంది. నాయనమ్మ నడుముకు చేతులు పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఏందయ్యా ఇది? చేపలను ఎవరన్న కూర వండుకుంటరు గని, గాజుపెట్టెల పెట్టి పూజ చేస్తరా?" అంది. "ముప్పై ఏండ్లు చీకట్ల పని చేసిన సత్తెమ్మా. ఇగ వెలుగున్న నీళ్లను చూసుకుంట కూసుంట" అన్నాడు తాత. ఇంకెవరైనా అయితే ఆ మాటకు కరిగిపోయేవాళ్లు. నాయనమ్మ కరగలేదు. లైనంతా వింటుండగా, "ఆ నీచు నీళ్లల్ల నా చెయ్యి పెడితే నా పేరు సత్తెమ్మ కాదు, యాదుంచుకోండ్రి" అని ప్రకటించి లోపలికి వెళ్లింది. తర్వాత జరిగిన తంటా అంతటికీ మూలం ఆ చేపలు కాదు, ఈ ఒక్క మాటే.

నాయనమ్మ మాటకు లైనులో ఎందుకంత విలువ ఉండేదో చెప్పాలి. ఆమె చేతి గుణం అలాంటిది. ఎండాకాలం మామిడికాయ తొక్కు పెట్టే రోజుల్లో ఇరవై ఇళ్లవాళ్లూ ముక్కలు కొట్టి, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె సిద్ధం చేసుకుని ఆమె కోసం ఎదురుచూసేవాళ్లు. ఆమె వచ్చి కుడిచేయి మోచేతి దాకా కడుక్కుని, పెద్ద బేసిన్ ముందు కూర్చుని కలిపితేనే తొక్కు ఏడాదంతా బూజు పట్టకుండా ఉంటుందని వాళ్ల నమ్మకం. గరిటె వాడేది కాదు. వేళ్లతో ముక్కను పట్టి చూసి, "ఉప్పు ఇంకో గుప్పెడు" అనేది. ఆ వారం పది రోజులు ఆమె ఒంటి నించి ఆవఘాటు, వెల్లుల్లి, తమలపాకు కలిసిన ఒక వాసన వచ్చేది. నేను ఆ కొంగులో మొహం పెట్టుకుని పడుకునేదాన్ని.

చేపలు వచ్చి ఏడాది నిండకముందే వాటికి జబ్బు చేసింది. ముందు బంగారు చేపల్లో ఒకటి తిండి మానేసింది. పొట్ట లోపలికి పీక్కుపోయి, వీపు వంగి, పొలుసులు ఊడిన చోట ఎర్రటి పుండ్లు పడ్డాయి. తాత నీళ్లు మార్చాడు, ఉప్పు వేశాడు, అద్దానికి ముక్కు ఆనించి గంటలు గంటలు కూర్చున్నాడు. ఒకటి చచ్చిపోయింది, తర్వాత ఇంకోటి. చచ్చినప్పుడల్లా తాత అన్నం సగంలో లేచేవాడు. "చేప సస్తే బువ్వ తినని మనిషిని లోకంల ఈయననే చూసిన" అని నాయనమ్మ గిన్నెలు ఎత్తేసేది.

ఒకరోజు లెక్కల పరీక్ష ఉందని నాకు బడిలో కడుపునొప్పి వచ్చింది. మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. అమ్మ తమ్ముణ్ని తీసుకుని టీకాలకు వెళ్లింది, తాత గ్రంథాలయంలో ఉన్నాడు. తలుపు తోసి చూద్దును కదా, నాయనమ్మ చేపల తొట్టి ముందు పీట మీద కూర్చుని ఉంది. ఎడమ అరచేతిలో బంగారు చేప. కుడిచేతి చూపుడు వేలితో దాని పుండు మీద పసుపు, వేపాకు నూరిన ముద్ద పూస్తోంది. "ఓర్సుకో నా తల్లే, అయిపోయింది, అయిపోయింది" అంటోంది. నాకు జ్వరం వచ్చినప్పుడు మాట్లాడే గొంతు అది. చేపను మెల్లగా నీళ్లలో వదిలి, వెనక్కి తిరిగి నన్ను చూసి ఉలిక్కిపడింది.

"ఎప్పుడొచ్చినవే?"

"ఇప్పుడే. నాయనమ్మా, నీ పేరు సత్తెమ్మ కాదు కదా ఇప్పుడు?"

ఆమె నా చెవి పట్టుకుంది. నేను కడుపునొప్పి సంగతి మరిచిపోయి గెంతుతుంటే, "పరీచ్ఛ ఎగ్గొట్టి వచ్చినవ్. మీ నాయనకు జెప్పాల్నా?" అంది. ఇద్దరి గుట్టూ ఇద్దరి చేతిలో ఉందని ఇద్దరికీ అర్థమైంది. దేవుడి పటం ముందుకు లాక్కెళ్లి, "ఈ ముచ్చట నా నోట్లకెల్లి రాదు, భద్రాద్రి రాముని మీద ఒట్టు" అని నా చేత అనిపించింది. ఊరికే కాదు, రోజుకు రెండు సకినాలు లంచం. ఆనాటి నించి సెలవు రోజుల్లో, తాత గ్రంథాలయానికి వెళ్లి, అమ్మ తమ్ముడితో లోపలి గదిలో కునుకు తీసే వేళకు, నేను గుమ్మంలో కాపలా. ఎవరైనా వస్తుంటే దగ్గాలి. ఆ నెలంతా నేను దగ్గినంతగా గనిలో పనిచేసిన తాత కూడా దగ్గి ఉండడు. తొట్టిలో నీళ్లు రంగు మారడం చూసి తాతకు అనుమానం వచ్చింది. "ఈ నీళ్లు ఎందుకు గిట్ల పచ్చగ అయితున్నయి?" అన్నాడు. "నీ చేపలకు కామెర్లు వచ్చినయేమో" అంది నాయనమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ, తలెత్తకుండా. నేను నవ్వు ఆపుకోలేక బోరింగు దాకా పరిగెత్తాను.

అన్ని చేపలూ బతకలేదు గానీ ఒక బంగారు చేప మాత్రం తేరుకుంది. దాన్ని చూసి తాత పొంగిపోయాడు. తన ఉప్పు పనిచేసిందని లైనంతా చెప్పుకున్నాడు. నాయనమ్మ పళ్లు కొరుక్కుంటూ విన్నది. అయితే పసుపు పూసే రోజుల్లో ఆమె చూపుడు వేలికి కత్తిపీట కోసిన చిన్న గాటు ఉండేది. అది మాని కొన్ని వారాలయ్యాక, అదే చోట శనగగింజంత గడ్డ లేచింది. నొప్పి పెద్దగా లేదు. ఊదారంగు తిరిగి, పగిలి, పుండైంది. అది తగ్గకముందే మణికట్టు దగ్గర ఒకటి, ముంజేతి మీద రెండు, మోచేతి దిగువన ఒకటి, తాడుకు ముళ్లు వేసినట్టు వరసగా పైకి పాకాయి. సందు చివర సూదిమందు ఆయన వరసగా సూదులు పొడిచాడు. ఆమె నడుము నొచ్చింది తప్ప చెయ్యి మారలేదు.

ఎవరో చెప్తే ములకలపల్లి వైపు అడవి అంచు ఊళ్లో ఆకుమందు ఇచ్చే ముసలాయన దగ్గరికి తాత ఆమెను తీసుకెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను. ఆయన మంత్రం వేస్తాడని, కోడిని కోస్తాడని ఆశపడ్డాను గానీ అలాంటిదేమీ జరగలేదు. చెయ్యి ఎండలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది నీళ్లకెల్లి వచ్చింది. ఏ నీళ్లల్ల చెయ్యి పెట్టినవమ్మా?" అని అడిగాడు. నేను నాయనమ్మ మొహంలోకి చూశాను. నాయనమ్మ కన్ను ఆర్పకుండా, "బోరింగు నీళ్లే" అంది. ఆయన తల అడ్డంగా ఊపి, "నా తాన దీనికి మందు లేదు. జల్దీ పెద్ద దవాఖానాకు పోండ్రి" అన్నాడు. చేతకానిది చేతకాదని చెప్పినవాడు మాకు ఆ తిరుగుడులో ఆయనొక్కడే.

ఈలోపు లైనులో గుసగుసలు మొదలయ్యాయి. ఎదురింటి రాజేశ్వరమ్మ బోరింగు దగ్గర "పెద్దరోగం" అన్నదట. కుష్ఠు అనే మాట పైకి అనకుండా అందరూ అలాగే అనేవాళ్లు. మరునాటి నించి నాయనమ్మ బిందె పెడితే మిగతా బిందెలు ఒక జానెడు వెనక్కి జరిగేవి. మా ఇంటికి చాయ్‌కి వచ్చేవాళ్లు వాకిట్లోనే నిలబడి, "ఇప్పుడే తాగినం" అనేవాళ్లు. అది నిజంగా ఆ రోగమే అయినా మనిషిని గట్ల చెయ్యొచ్చా అని అడిగినవాళ్లు లేరు. మామిడికాయలు వచ్చాయి. లైనంతా కాయలు కొట్టే చప్పుడు, ఆవఘాటు. నాయనమ్మ పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, చేతికి గుడ్డ చుట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఒక రోజు కూర్చుంది. రెండో రోజూ కూర్చుంది. ఎవరూ పిలవలేదు. మూడో రోజు ఆమె అరుగు మీదికి రాలేదు. గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. నేను వెళ్లి కొంగు పట్టుకుంటే, "నన్ను ముట్టుకోకు బిడ్డా, నీకంటుతదేమో" అంది. అప్పటిదాకా నాకు ఇదంతా ఆటలాగే ఉండింది. ఆ మాటతో ఆట ముగిసింది.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రాముడి మీద వేసిన ఒట్టు తప్పితే కళ్లు పోతాయని భయం. అంతకన్నా పెద్ద భయం, చేపల వల్లే అని తెలిస్తే తాత ఏమైపోతాడోనని. అసలు చేపలకూ ఈ గడ్డలకూ సంబంధం ఉందని నాకు మాత్రం ఏం తెలుసు? ముసలాయన "నీళ్లు" అన్న మాట ఒక్కటే చెవిలో తిరుగుతూ ఉండేది.

నాన్నకు సెలవు దొరక్క, తాతా నేనూ నాయనమ్మను బస్సులో ఖమ్మం తీసుకెళ్లాం. చర్మవ్యాధుల డాక్టరు కుర్రాడు, కళ్లజోడు, ఇస్త్రీ చొక్కా. ముందు ఆమెను కళ్లు మూసుకోమని, గుండుసూదితో పుండ్ల చుట్టూ మెల్లగా తాకాడు. "తెలుస్తోందా?" "తెల్వకేం, పొడుస్తుంటే?" అని నాయనమ్మ చెయ్యి లాక్కుంది. ఆయన నవ్వి, "మంచిది. స్పర్శ బాగుంది. మీరు భయపడుతున్న రోగంలా లేదు" అన్నాడు. తాత కుర్చీలో కూలబడి కండువాతో మొహం కప్పుకున్నాడు. తర్వాత డాక్టరు చెయ్యి తిప్పి చూసి, "చేపలు కడిగే పని ఏమైనా చేస్తారా అమ్మా?" అని అడిగాడు.

"మా ఇంట్ల అసలు చేపలే తినం" అంది నాయనమ్మ. ప్రతి ఆదివారం మా ఇంట్లో చేపల పులుసు ఉడికేది.

"పోనీ, ఇంట్లో చేపల తొట్టి ఉందా?"

"నాకున్నది సారూ" అన్నాడు తాత. "కని ఆమె దాని దిక్కు కూడ సూడదు. చెయ్యి పెడితే నా పేరు సత్తెమ్మ కాదని ఒట్టు పెట్టుకున్నది."

"అవ్, పెట్టుకున్న" అంది నాయనమ్మ, గోడ మీది క్యాలెండరు చూస్తూ.

డాక్టరు పెన్ను తీశాడు. ఇంకేదో రోగం పేరు రాయబోతున్నాడని అర్థమైంది. నా ఒట్టు నోటి మీద వేసింది. ముచ్చట నోట్లోంచి రాకూడదు, అంతే కదా! నేను నాయనమ్మ కుర్చీ వెనక్కి వెళ్లాను. బుగ్గలు పొంగించి, పెదవులు గుండ్రంగా తెరిచి మూస్తూ, రెండు చేతులూ చెవుల దగ్గర రెక్కల్లా ఆడించాను. డాక్టరు పెన్ను ఆపి, "ఈ పాపకు ఫిట్సు ఏమైనా వస్తాయా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపి, నాయనమ్మను వేలితో చూపించి, గాలిలో తొట్టి గీసి, అందులో చెయ్యి ముంచి, చేపను పట్టి, దాని మీద ముద్ద పూసి, జోకొట్టి, నీళ్లలో వదిలాను. డాక్టరు పెన్ను బల్ల మీద పెట్టేశాడు. నాయనమ్మ వెనక్కి తిరిగి చూసేసరికి నేనింకా నోరు తెరిచి మూస్తూనే ఉన్నాను.

"ఓసి నీ..." అంటూ లేచింది గానీ, తాత చూపు చూసి మళ్లీ కూర్చుంది. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆమెను ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడాయన. "పసుపు నువ్వు పూసినవా?" అన్నాడు. నాయనమ్మ తలవంచుకుని, "సస్తుంటే సూడలేకపోయిన. నువ్వు బువ్వ తినకపోతివి" అంది.

డాక్టరు అప్పుడు విడమరిచి చెప్పాడు. చేపలకు క్షయలాంటి జబ్బు ఒకటి ఉందట. ఆ క్రిమి తొట్టి నీళ్లలో ఉంటుంది, తెగిన చర్మంలోంచి చేతిలోకి పోతుంది, చల్లగా ఉండే చర్మంలోనే పెరుగుతుంది. మనిషి నించి మనిషికి అంటుకోదు. ముక్క తీసి పరీక్షకు పంపాడు, కొన్ని వారాలకు ఆయన అనుకున్నదే నిజమైంది గానీ, మందులు మాత్రం ఆ రోజే రాశాడు. "మందులు నెలల తరబడి వాడాలి, మధ్యలో మానొద్దు. ఆ తొట్టి ఖాళీ చెయ్యండి" అన్నాడు. ఆ సాయంత్రమే బస్సులో తిరిగొచ్చాం. సగం దారి దాటాక తాత కిటికీ బయటికి చూస్తూ, "పసుపు పూస్తే చేప బతుకుతదా?" అన్నాడు. "ఒకటి బతికింది గదా. నీ ఉప్పుకు గాదు" అంది నాయనమ్మ. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోతే కండక్టరు వచ్చి చూసి వెళ్లాడు. నాతో మాత్రం ఆమె వారం రోజులు మాట్లాడలేదు. సకినాలు శాశ్వతంగా బంద్.

మందులు మొదలైన మర్నాడు పొద్దున దొడ్డివైపు నించి నాయనమ్మ కేక లైనంతా వినిపించింది. మూత్రం నారింజరంగులో వచ్చిందట. అది మందు రంగేనని డాక్టరు ముందే చెప్పిన ముక్క తాత మరిచిపోయాడు. ఆమె మాత్రం చచ్చిపోతున్నాననుకుని నగలెవరికో, బిందెలెవరికో అప్పగింతలు పెట్టేసింది. నాకు ఒక ఇత్తడి గిన్నె వచ్చింది. రంగు సంగతి తేలాక తిరిగి లాక్కుంది. తాత తన చేత్తో తొట్టి ఖాళీ చేసి, బ్లీచింగ్ వేసి కడిగి, ఎండలో పెట్టాడు. మిగిలిన చేపల్ని ఏం చేశాడో నాకు చెప్పలేదు. ఆ రోజు ఆయన అన్నం తినలేదు, నాయనమ్మ కూడా తినలేదు. దసరా నాటికి పుండ్లు మానాయి. వేలి మీద, ముంజేతి మీద నల్లటి మచ్చలు మిగిలాయి. అది పెద్దరోగం కాదని తాత లైనంతా చెప్పినా, బోరింగు దగ్గర బిందెలు మళ్లీ దగ్గరికి జరగలేదు.

ఇప్పుడు స్వప్న ఫోను తెరిస్తే, మేం నెలల పాటు ఊళ్లు తిరిగి తెలుసుకున్నది నిమిషంలో దొరుకుతుంది. మంచిదే. ఆ గ్లౌజులు నాయనమ్మకు ఉంటే ఆ వేసవి అలా గడిచేది కాదు. ఆ వెలితి ఉన్న కాలం గొప్పదని నేనెలా అంటాను? కానీ మొన్న మహమ్మారి రోజుల్లో మా అపార్టుమెంటులో దగ్గిన మనిషి తలుపు ముందు నించి అందరూ ఎలా జరిగి నడిచారో చూశాను. నేనూ జరిగాను. జరగడం కొన్నిసార్లు అవసరమే. జరిగినవాళ్లు తిరిగి దగ్గరికి ఎప్పుడు, ఎలా వస్తారన్నది మాత్రం ఏ ఫోనులోనూ ఉండదు. అది ఎదురెదురు ఇళ్లవాళ్లు తమకు తాము తేల్చుకోవాల్సిందే.

నాయనమ్మ చెయ్యి మానిన మరుసటి ఎండాకాలం రాజేశ్వరమ్మ బేసిన్ నిండా ముక్కలు కొట్టుకుని, దాన్ని మోసుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది. కిందటేడు తను కలుపుకున్న తొక్కు నెలకే బూజు పట్టింది. ఆమెదే కాదు, లైనులో సగం జాడీలు పెంటకుప్ప పాలయ్యాయి. ఆ ఏడు ఉప్పు తక్కువైందో, తడి తగిలిందో గానీ, నాయనమ్మ చెయ్యి పడకపోవడం వల్లే అని అందరూ నమ్మారు. ఆ నమ్మకాన్ని నాయనమ్మ ఖండించలేదు. "సత్తెమ్మత్తా, జర కలిపి పెట్టవా" అని రాజేశ్వరమ్మ నేల చూస్తూ అడిగింది. వెనకాల ఇంకో ఇద్దరు ముగ్గురు బేసిన్లతో గోడవారగా నిలబడి, ఏమవుతుందోనని చూస్తున్నారు.

నాయనమ్మ మోచేతి దాకా చెయ్యి కడుక్కుని వచ్చి పీట మీద కూర్చుంది. కొంగుతో తడి తుడుచుకుంది. ముక్కల్లో మాత్రం చెయ్యి పెట్టలేదు. మచ్చలున్న ఆ కుడిచేతిని రాజేశ్వరమ్మ ముందుకు చాపింది.

"కలుపుత గని, ముందుగాల ఇది పట్టుకో."

రాజేశ్వరమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముందుకు వంగి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. మచ్చల మీద ఆమె బొటనవేలు కదులుతోంది. గోడవార ఉన్నవాళ్లు ఒక్కొక్కరే బేసిన్లు కింద పెట్టారు.

"సాలు, ఇగ ఇడువు" అంది నాయనమ్మ. "ముక్కలు నీరు కారుతున్నయి."

రాజేశ్వరమ్మ వెంటనే వదల్లేదు.